ముందే చూసి రాసిన అంచనా

పోయిన నెలలో ఒక పొద్దున ఆఫీసు పనిమీద ఇబ్రహీంపట్నం మండలంలోని ఒక సర్కారు బడికి వెళ్లాను. ఆదిభట్లలో విమానాల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో నాది కొలతలు సరిచూసే ఉద్యోగం. మా కంపెనీ చుట్టుపక్కల బడులకు గోడకు బిగించే పెద్ద డిజిటల్ బోర్డులు ఇచ్చింది. అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసి రమ్మని పంపినవాళ్లలో నేనొకణ్ని. చేతిలో ఇరవై రెండు అంశాల జాబితా ఉంది. తెర మీద గీతలు, స్పీకర్ల చప్పుడు, గోడ బోల్టులు, ఎర్తింగ్, ఇట్లా. జాబితా లేకుండా నేను కూరగాయలకు కూడా పోను. ఎనిమిదో తరగతి గది గుమ్మం దగ్గర ఆగి చూస్తే బోర్డు నల్లగా ఉంది. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, బోర్డు కింద ఎర్రదీపం వెలుగుతోంది, తెర మాత్రం ఆన్ చేయలేదు. పిల్లలంతా తలలు వంచుకుని ఏదో రాస్తున్నారు. టీచరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య నడుస్తోంది. ఇటు తిరిగింది. శిరీష.

పదో తరగతి తర్వాత ఆమెను చూడడం అదే. గుర్తుపట్టి నవ్వింది, పెదవుల మీద వేలు పెట్టుకుని, చివరి బల్ల చూపించి కూర్చోమంది. కూర్చున్నాను. పాత స్నేహితురాలు కనిపిస్తే ఎవరికైనా ముందు సంతోషం కలగాలి. నాకు కలిగింది అసూయ. రాయడానికి సిగ్గుగానే ఉంది కానీ అదే నిజం. ఇన్నేళ్లు మూతపెట్టిన వార్నిష్ డబ్బా తెరిచినట్టు గుప్పుమని వచ్చింది.

వార్నిష్ అనే మాట ఊరికే రాలేదు. మా ఇల్లంతా ఆ వాసనే. ఇబ్రహీంపట్నంలో మా బాపు యాదయ్యది మోటర్ వైండింగ్ షాపు. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. ఎండాకాలం వచ్చిందంటే కాలిపోయిన బోరు మోటర్లు బైకుల మీద, ట్రాక్టర్ల మీద వచ్చి పడేవి. "యాదన్నా, రేపటికల్లా గావాలె, మడి ఎండుతున్నది" అని రైతు నెత్తిమీద నిలబడితే బాపు తల కూడా ఎత్తేవాడు కాదు. గోనెసంచి మీద కూర్చుని, కాలిన తీగను ఉలితో కోసి, ఒక్కో చుట్టను ఊడదీసి, అందులో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టేవాడు. తర్వాత నన్ను లెక్కపెట్టమనేవాడు. నేను మూడో తరగతి నుంచే ఆ పనిలో ఉన్నాను. ఇద్దరి లెక్క కలిస్తేనే పొడుగు నోట్‌బుక్కులో రాసుకునేవాడు, కలవకపోతే మళ్లీ మొదటి నుంచి. "అందాజతోని చుట్టిన మోటరు ఆర్నెల్లు గూడ ఆగదు. ఎన్ని ఉన్నయో గన్నే వెయ్యాలె" అనేవాడు. ఊరిలో ఇంకో వైండింగ్ ఆయన మీద బాపుకున్న చులకనంతా ఒక్క మాటలో ఉండేది: "వాడు అందాజ గాడు."

చుట్టిన మోటర్లకు వార్నిష్ పోసి, నాలుగు బల్బులు బిగించిన రేకు పెట్టెలో పెట్టి ఆరబెట్టేవాళ్లం. వానాకాలంలో అమ్మ నా బడి అంగీని కూడా ఆ పెట్టెలోనే ఆరేసేది. మధ్యాహ్నాలు నాయనమ్మ వెనక గదిలో సర్వపిండి కాలిస్తే నువ్వులు, ఎల్లిపాయ, వార్నిష్ మూడూ కలిసిన వాసన ఇంట్లో తిరిగేది. నాకు ఇప్పటికీ సర్వపిండిలో ఏదో తక్కువైనట్టే ఉంటుంది. నాయనమ్మ గడప మీద కూర్చుని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. "వీడు ఈ మందు వాసనల్నే పుట్టిండు. వీనికి ముక్కు పనిచేస్తదో లేదో ఎవలకన్న చూపియ్యరా" అని బాపును తిట్టేది. బాపు "చెవులు పనిచేస్తున్నయ్, సాలు" అనేవాడు. క్లాసులో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. పక్క బల్ల మల్లేశ్ పెట్టిన పేరు వార్నిష్. అదే నిలిచింది.

శిరీష తొమ్మిదో తరగతిలో వచ్చింది. వాళ్లది గోదావరి వైపు. వాళ్ల నాన్న ఆదిభట్లకు ఉద్యోగులను తీసుకుపోయే కంపెనీ బస్సు నడిపేవాడు, అమ్మ ఇంట్లోనే పొద్దున పూట ఇడ్లీలు, పెసరట్లు వేసి అమ్మేది. వచ్చిన మొదటిరోజు అటెండెన్సులో "వచ్చానండీ" అంది. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి మల్లేశ్ ఆమె కనిపిస్తే చాలు, "ఏమండీ, జర జరగండీ" అనేవాడు. ఆమె కూడా తక్కువ తినలేదు. "జరగను. నువ్వే జర పో" అనేది. వారం తిరక్కుండా "జర" ఆమె మాటల్లోకి వచ్చేసింది, "అండీ" మాత్రం పోలేదు.

మాకు భౌతికశాస్త్రం చెప్పే సుగుణ మేడం ఎల్బీనగర్ నుంచి తుర్కయాంజాల్ మీదుగా షేర్ ఆటోలు మారి వచ్చేది. బడికి ఎవరో ఇచ్చిన ప్రొజెక్టర్ ఒకటి ఏడాదిగా బీరువాలో ఉంటే దాన్ని బయటికి తీసింది ఆమే. దాన్ని బిగించే పని నాకు అప్పగించింది. ఎందుకంటే ఎక్స్‌టెన్షన్ బాక్సు పాడైతే బాగుచేయగలిగిన పిల్లవాణ్ని నేనొక్కణ్నే. ఆ పని క్రమం నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. బీరువా తాళం తీయాలి. బల్ల మీద బల్ల పెట్టాలి. ప్రొజెక్టర్ ముందుకాళ్ల కింద రెండు సాంఘికశాస్త్రం పుస్తకాలు, మూడు కాదు. కిటికీలకు పాత ఎన్నికల ఫ్లెక్సీలు వెనక్కి తిప్పి కట్టాలి, నాయకుల ముఖాలు చూసి పిల్లలు నవ్వకుండా. ఆఖరున మేడం కళ్లద్దాల పెట్టెలోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇస్తే ల్యాప్‌టాప్‌కు పెట్టి బొమ్మ, చప్పుడు సరిచూడాలి. ఇదంతా ప్రార్థనకు ముందు, గదిలో ఎవరూ లేనప్పుడు.

వేరే సార్లు కూడా అప్పుడప్పుడు ప్రొజెక్టర్ అడిగేవాళ్లు. వాళ్లు వీడియో పెట్టి, కుర్చీలో కూర్చుని, పేపర్లు దిద్దుకునేవాళ్లు. చీకటి, చల్లదనం, మాకు మంచి నిద్ర. సుగుణ మేడం పద్ధతి వేరు. మా చేత సన్నపాటి నోట్‌బుక్కు ఒకటి కొనిపించి, పేజీకి మూడు గళ్లు గీయించింది: ఏమవుతుంది, ఎందుకు, ఏమైంది. దాని పేరు అంచనా నోటు. ముందు బోర్డు మీద ప్రశ్న రాస్తుంది. మొదటి రెండు గళ్లు నింపి, పెన్నుకు మూతపెట్టి, బల్ల మీద ముందుకు జరిపి పెట్టాలి. క్లాసులో చివరి పెన్ను కూడా మూతపడ్డాకనే ప్రొజెక్టర్ వెలుగుతుంది. "తెరకు తొందర లేదు, మీరు మంచిగ సోంచాయించి రాయుండ్రి" అనేది. తప్పు రాస్తే మార్కులు పోవు. ఖాళీగా వదిలేస్తే మాత్రం ఊరుకోదు.

తప్పు రాస్తే ఏమీ కాదన్న మాట నాకు మింగుడుపడలేదు. మా ఇంట్లో ఒక్క చుట్టు తప్పితే మోటరు కాలుతుంది, ఒకాయన పంట పోతుంది. మొదటిసారి వీడియోను ముందే కావాలని చూడలేదు. చప్పుడు వస్తుందో లేదో చూడాలంటే వీడియో ఆడించాలి కదా. ఆడించాను, చివరిదాకా చూశాను. ఆ రోజు క్లాసులో నా ఒక్కడి జవాబే సరైంది. మేడం రైటు కొట్టింది. రెండోసారి చప్పుడు మొదటి నిమిషంలోనే తెలిసిపోయినా చివరిదాకా చూశాను. తర్వాత లెక్క లేదు. దీన్ని నేను పరీక్షించడం అనుకునేవాణ్ని. బాపు కూడా మోటరును ఒకసారి తిప్పి చూసే ఇస్తాడు కదా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ని.

ఒకరోజు మేడం చెక్క పీట ఒకటి, స్టీలు పళ్లెం ఒకటి తెచ్చి అందరినీ ముట్టుకుని చూడమంది. పళ్లెం చల్లగా ఉంది, పీట అంత చల్లగా లేదు. "రెండిటి మీద ఒక్కొక్క ఐసుగడ్డ పెడితే ఏది ముందుగాల కరుగుతది?" అని అడిగింది. బడిలో ఫ్రిజ్ లేదు, అందుకని ఐసు వీడియోలో ఉంది. క్లాసంతా పీట మీదిది అని రాసింది. నేను స్టీలు మీదిది అని రాసి, ఎందుకు అన్న గడిలో పాఠం నుంచి ఒక వాక్యం దించాను. వీడియోలో స్టీలు మీదిదే ముందు కరిగింది. "వార్నిష్ గానికి ఎట్ల తెలుస్తదిరా!" అన్నాడు మల్లేశ్. మేడం నా నోటు చూసి, రైటు కొట్టి, పక్కకు పెట్టింది. తర్వాత శిరీష నోటు తీసింది. చదువుతూ చదువుతూ నవ్వింది. మళ్లీ మొదటి నుంచి గట్టిగా చదివింది. "పీట మీదే ముందు కరుగుతుంది. ఎందుకంటే చలికాలంలో మా అమ్మ ఇడ్లీ పిండి గిన్నెను గచ్చు మీద పెట్టదు, పీట మీద పెడుతుంది. పీట మీదైతేనే పొంగుతుంది. అంటే పీటలో వేడి ఉంటుంది."

"పీటల వేడి ఉన్నదా శిరీషా, లేకుంటే పిండిల ఉన్న వేడిని పీట కిందికి పోనిస్త లేదా?"

శిరీష కళ్లు పైకి తిప్పి కాసేపు నిలబడింది. "అయితే మేడం, పీట వేడి ఇవ్వదండీ. ఆపుతుంది. ఐసుకు రావాల్సిన వేడిని కూడా ఆపుతుంది. అమ్మో, అందుకేనా!"

మిగిలిన పీరియడంతా ఇడ్లీ పిండి మీదే నడిచింది. పిల్లలు ఇళ్లల్లో ఏది దేనిమీద పెడతారో చెప్పడానికి పోటీపడ్డారు. సరైన జవాబు రాసిన నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి, "అమ్మా, మనం ఇడ్లీ ఎందుకు చెయ్యం?" అని అడిగాను. "ఎందుకు చెయ్యాలె? రొట్టెలకు ఏం రోగమొచ్చింది?" అంది అమ్మ.

ఆ రోజుల్లో శిరీషకు ఉండి నాకు లేనివాటిని నేను లెక్కపెట్టి ఉంచుకున్నాను. ఆమె నోటు చదివేటప్పుడు మేడం ముఖంలో వచ్చే నవ్వు. ఆమె జవాబు తర్వాత క్లాసులో లేచే గోల. అన్నిటికంటే ఎక్కువగా ఆ ఎర్ర సిరా. ఒకసారి మేడం నోట్లు పంచిపెట్టమంటే ఆమెది తెరిచి చూశాను. పేజీ పేజీకి మేడం ప్రశ్నలు రాసింది, శిరీష వాటి కింద జవాబులు రాసింది, మేడం మళ్లీ అడిగింది. ఇద్దరు మనుషులు ఉత్తరాలు రాసుకున్నట్టుంది. నా నోటులో రైటు గుర్తులున్నాయి. మొదటి పేజీ నుంచి చివరిదాకా రైటు గుర్తులే. ఒక్క ప్రశ్న లేదు. ఆ పిల్ల తప్పు రాసి అంత సంపాదిస్తుంటే, ఒక్క తప్పూ లేని నాకు ఒక గీత విదిలిస్తున్నారని కడుపు మండిపోయేది.

పదో తరగతిలో మేడం ఒక మాట చెప్పింది. "జిల్లా సైన్స్ మేళాకు మన క్లాసుల నుంచి ఒక్కలే. మంచి జవాబు కాదు, మంచి ప్రశ్న ఎవలు తెస్తే వాళ్లు." ఇంట్లో చెప్పాను. బాపు తీగ చుడుతూనే విన్నాడు. చుట్లు పూర్తయ్యాక అన్నాడు, "నువ్వు పోతే నేనొస్త. ఆ దినం షట్టర్ వేస్త." మా షాపు షట్టర్ పగటిపూట పడడం నేను ఒక్కసారే చూశాను, తాత చనిపోయినప్పుడు. నాయనమ్మ గడప మీంచి లేచి వచ్చి నా ముఖం చూసింది. ఇక నేను పోవాల్సిందే. శిరీష పోవడానికి వీల్లేదు.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున పెన్‌డ్రైవ్‌లో సీసాల వీడియో ఉంది. ఒకాయన నాలుగు గాజు సీసాల్లో నీళ్లు తక్కువ ఎక్కువగా పోసి, మూతుల దగ్గర ఊదుతున్నాడు. నీళ్లు పెరిగినకొద్దీ చప్పుడు సన్నబడుతోంది. ఎందుకో కూడా వెనక ఒక గొంతు చెబుతోంది. ఈసారి ఎందుకు అన్న గడి కూడా నాదే గెలవాలని రెండుసార్లు విన్నాను. క్లాసులో మేడం బోర్డు మీద నాలుగు సీసాలు గీసి, "నీళ్లు పెరుగుతుంటే సీసా చప్పుడు ఎట్లా మారుతుంది?" అని రాసింది. నేను తడుముకోకుండా రాశాను: సన్నగా మారుతుంది, ఎందుకంటే నీళ్లు పెరిగితే పైన గాలికి చోటు తగ్గుతుంది, మూతి దగ్గర ఊదినప్పుడు ఆ కొంచెం గాలి తొందర తొందరగా ఊగుతుంది. పెన్నుకు మూతపెట్టాను. అందరివీ మూతలు పడ్డాయి. స్విచ్ వేశాను. అదే నిమిషంలో కరెంటు పోయింది.

"పోతే పోయింది తియ్" అంది మేడం. ఫ్లెక్సీలు విప్పించింది. ల్యాబు అలమారలోంచి నాలుగు పాత గాజు సీసాలు తెప్పించి, నీళ్లు పోసి, మధ్యాహ్న భోజనం వండే అక్క దగ్గర ఒక చెంచా అడిగింది. వీడియోలో ఆయనలా ఊదకుండా, ఆ చెంచాతో సీసాలను ఒక్కొక్కటిగా కొట్టింది. ఖాళీది సన్నగా మోగింది. నీళ్లున్నది లావుగా. నిండుది ఇంకా లావుగా. నా చెవులను నేను నమ్మలేకపోయాను. పొద్దున రెండుసార్లు విన్నది తలకిందులైంది.

శిరీష ఆ రోజు సరిగ్గా రాసింది. లావుగా మారుతుంది, ఎందుకంటే నిండు బిందె మీద కొడితే ఖాళీ బిందె మోగినట్టు మోగదు అని. తప్పులో కూడా ఆమెదే పైచేయి, ఒప్పులో కూడా ఆమెదే. తర్వాత మేడం నా నోటు తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "ఊదినప్పుడు" దగ్గర ఆగింది.

"ఊదుడా? నేను ఊదుత అన్ననా?"

తలెత్తి చూశాను. బోర్డు మీద ఊదడం అన్న మాట లేదు. ఎవరూ అనలేదు. క్లాసులో ఇంకొక్క నోటులో కూడా ఆ మాట లేదు.

"వార్నిష్ గాడు నిద్రల ఉన్నడు మేడం" అన్నాడు మల్లేశ్. అందరూ నవ్వారు.

నవ్వనిది శిరీష ఒక్కతే. లేచి నిలబడింది. "మేడం, కొట్టడం చూశాం కదండీ. ఊదితే ఎలా ఉంటుందో అది కూడా చూద్దామండీ." మేడం సరేనని అనకముందే సీసా అందుకుని, పెదవులు గుండ్రం చేసి ఊదింది. మొదట ఉత్త గాలి. మల్లేశ్ ఏదో అన్నాడు. మళ్లీ ఊదింది. ఖాళీ సీసా బొంయ్‌మని మూలిగింది. కొంచెం నీళ్లున్నది సన్నగా. నిండుకు దగ్గరగా ఉన్నది పిల్లనగ్రోవిలా. అవే సీసాలు, అవే నీళ్లు, కొడితే ఒకటి, ఊదితే దానికి పూర్తిగా తలకిందులు. గది ఒక్కసారిగా గోలతో బద్దలైంది. మల్లేశ్ అందరికంటే ముందు ఉరికి సీసా గుంజుకున్నాడు. "ఒక్కొక్కలు! ఒక్కొక్కలు! మూతి తుడువుండ్రి!" అని మేడం అరుస్తూ నవ్వుతోంది. నేను చదివిన పదేళ్లలో అంత మంచి క్లాసు ఇంకోటి లేదు. "గిదిరా ప్రశ్న అంటే" అంది మేడం. శిరీష నా వైపు తిరిగి, "నీ బుర్రే బుర్ర" అంది. మనస్ఫూర్తిగా అంది. అదే భరించడం కష్టమైంది.

క్లాసు అయిపోయాక వైర్లు చుడుతున్నాను. మేడం దగ్గరికి వచ్చింది.

"నరేశ్, ఊదుడు నీకెట్ల యాదికొచ్చింది?"

"నాకే అనిపించింది మేడం."

"నీకే?"

"అవ్ మేడం."

చెయ్యి చాపింది. పెన్‌డ్రైవ్ అరచేతిలో పెట్టాను. కళ్లద్దాల పెట్టెలో వేసి మూత మూసింది. "మంచిది. అయితే మేళాకు నువ్వే" అంది. ఆ తర్వాత పొద్దున పూట పెన్‌డ్రైవ్ నా చేతికి రాలేదు. క్లాసులో ఆఖరి పెన్నుకు మూతపడ్డాక ఆమే తీసి పెట్టేది. ఎందుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మేళా రోజు బాపు షట్టర్ వేశాడు. ఇస్త్రీ చేసిన తెల్లంగీ తొడుక్కున్నాడు, గోళ్ల సందుల్లో వార్నిష్ నలుపు మాత్రం పోలేదు. నేను సీసాలు కొట్టి చూపించాను, ఊది చూపించాను. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన చాలా సంతోషించాడు. "బాబూ, ఇంత మంచి ప్రశ్న నీకెట్ల తోచింది?" అని అడిగాడు. నేను తడబడలేదు. మా బాపు వార్నిష్ సీసాలో ఎంత మిగిలిందో చూడడానికి మూతి దగ్గర ఊది చప్పుడు వింటాడని, చిన్నప్పటి నుంచి అది వింటూ పెరిగానని చెప్పాను. శిరీష ఇడ్లీ పిండి లాంటిది నాకూ ఒకటి కావాల్సి వచ్చింది, అప్పటికప్పుడు కల్పించుకున్నాను. పెద్దాయన బాపు వైపు తిరిగి, "మీ పనిలోనే సైన్స్ ఉన్నదయ్యా" అని చెయ్యి కలిపాడు. రెండో బహుమతి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బాపు కిటికీ పక్కన కూర్చున్నాడు. తుర్కయాంజాల్ దాటింది. తర్వాత బయటికే చూస్తూ అడిగాడు, "నేనెప్పుడు ఊదిన్రా సీసల?" నేను సర్టిఫికెట్‌ను చుట్ట చుట్టాను. లెక్క కలవకపోతే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టే మనిషి. ఆ రోజు మళ్లీ అడగలేదు. సర్టిఫికెట్ తీసుకుపోయి మోటర్ల నోట్‌బుక్కు మధ్యలో పెట్టాడు. గోడకు కొట్టలేదు.

ఇదంతా ఆ చివరి బల్ల మీద కూర్చుని తలుచుకుంటుండగా శిరీష ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వూ రాయి" అంది. బోర్డు పక్కన సుద్దముక్కతో ప్రశ్న రాసి ఉంది. ఒక పొడుగు కొవ్వొత్తి, ఒక పొట్టి కొవ్వొత్తి, రెండూ వెలిగించి ఒకే గాజు జాడీ బోర్లిస్తే ఏది ముందు ఆరిపోతుంది? నాకు నిజంగానే తెలియదు. ఇంజనీరింగ్ చదివాను, మైక్రాన్ల లెక్కలో కొలతలు తీస్తాను, ఇది తెలియదు. "నేను ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన శిరీషా" అని కాగితం పక్కకు జరిపాను. ఆమె బలవంతపెట్టలేదు. పెన్నులన్నీ మూతపడ్డాక బోర్డు వెలిగించింది. పొడుగుది ముందు ఆరింది. పిల్లలు ఒకరిమీద ఒకరు పడి అరిచారు. శిరీష వీడియోను వేలితో వెనక్కి జరిపి, మంట వణికే చోట ఆపి, "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని అడిగింది. ఇది మా సుగుణ మేడం చేయలేకపోయింది. మా ప్రొజెక్టర్ వెనక్కి జరిపితే బిగుసుకుపోయేది. ఫ్లెక్సీలు లేవు, సాంఘికశాస్త్రం పుస్తకాలు లేవు, అంత పెద్ద తెర మీద మంట చుట్టూ పొగ కూడా కనిపిస్తోంది. మిగిలినదంతా అదే పద్ధతి. పొట్టిదే ముందు ఆరుతుందని రాసిన ఒక పిల్లవాడి కారణం చదివి ఆమె నవ్విన నవ్వు కూడా నాకు తెలిసిందే.

అప్పుడు నన్ను చూపించింది. "సీసాల కథ చెప్పాను చూడండి, ఊదితే ఎలా ఉంటుందని అడిగిన అబ్బాయి. ఇదిగో, ఈయనే." యాభై కళ్లు ఒక్కసారి నా మీదికి తిరిగాయి. ఏటా చెబుతుందట. ఆ రోజే టీచరు కావాలని అనుకుందట. ముందు బల్లలో రెండు జడల పిల్ల లేచింది.

"సార్, మీకెట్ల అనిపించింది గట్ల?"

జవాబు నా నోట్లో సిద్ధంగా ఉంది. మా బాపు, వార్నిష్ సీసా. ఒకసారి పనిచేసింది, ఇంకోసారి కూడా పనిచేస్తుంది. శిరీష చేతులు కట్టుకుని, ఆ కథ మిగతా సగం మొదటిసారి వినబోతున్నట్టు నిలబడింది. ఆమెకున్నదంతా ఆమె తెచ్చుకున్నది. నాకు దక్కిన ఈ ఒక్క మెప్పు మాత్రం నాది కాదని నాకూ, ఆ రోజు బస్సులో కూర్చున్న బాపుకూ తెలుసు.

"నాకు అనిపించలే" అన్నాను. "పొద్దుగాల నేను వీడియో చూసిన. చూసి రాసిన."

పిల్ల నొసలు ముడిచింది. "మూత పెట్టకముందేనా?"

"అవ్."

"అన్నిసార్లా?"

"దాదాపు అన్నిసార్లు."

"మరి గదేం అంచనా సార్?" అని కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. గంట మోగింది.

శిరీష నాతో పాటు వరండాలోకి వచ్చింది. చేతికంటిన సుద్దను దులుపుకుంటూ నిలబడింది. తిడుతుందనుకున్నాను, నవ్వి కొట్టిపారేస్తుందని కూడా ఆశపడ్డాను.

"అంటే, ఆ రోజు ఊదాలని అనుకున్నది నేనొక్కదాన్నే కదా" అంది.

"అవ్."

"ఇన్నేళ్లూ నీ పేరు చెప్పాను పిల్లలకి." గొంతులో కోపం లేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. "మేళాకి నేను వెళ్లేదాన్ని నరేశ్. మా నాన్న డ్యూటీ మార్చుకుని ఉంచాడు, తెలుసా? నీ పేరు వచ్చిందని చెబితే, పోనీలే, ఆ అబ్బాయి బుర్ర గొప్పది అన్నాడు."

నేను ఏదో అనబోయాను. తర్వాతి సెక్షను పిల్లలు వరసగా వచ్చి మా మధ్య నుంచి లోపలికి పోయారు. ఆమె వాళ్ల వెనకాలే వెళ్లింది. నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. నా జాబితాలో ఇరవై రెండుకు ఇరవై రెండు ఇంకా మిగిలే ఉన్నాయి. కిటికీ పక్కన నిలబడ్డాను. బోర్డు ఆర్పేసి, సుద్దతో అదే ప్రశ్న మళ్లీ రాసింది. నోట్లు తెరుచుకున్నాయి. ఒక పిల్లవాడు పెన్ను మూత కొరుకుతున్నాడు, ఇంకో పిల్ల రాసింది కొట్టేసి మళ్లీ రాస్తోంది, ఇద్దరు కళ్లు మూసుకుని కొవ్వొత్తులను ఎక్కడో చూసుకుంటున్నారు. ఆ గదిలో ఎవరికీ జవాబు తెలియదు. నాకు తెలుసు, పావుగంట కిందే తెలిసిపోయింది. ఇక ఎంత కోరుకున్నా ఆ కాగితం మీద నేను రాయగలిగింది ఏమీ లేదు. వాళ్లందరినీ చూస్తుంటే ఓర్వలేనంత అసూయగా ఉంది.